పదకొండు గుర్తుల గడియారం

“పసుపు మార్కెట్‌కు పంపొద్దు.”

ఉదయం తొమ్మిదిన్నరకు ఢిల్లీ నుంచి వచ్చిన కోడ్‌వర్డ్ ఇది. మామూలు మాటల్లో చెప్పాలంటే, మిషన్ క్యాన్సిల్. నిజామాబాద్ గాంధీ చౌక్‌లో స్కూటీ ఆపి, చెవిలో దాచిన ఇయర్‌పీస్‌లో ఆ మాట విన్న ఏజెంట్ పుష్పలతకు ఒళ్లు మండిపోయింది.

“ఎందుకు సార్?”

“నలభై వాచీలనూ మన ఎక్స్‌పర్ట్ ప్రేమ్ చెక్ చేశాడు. అన్నీ క్లీన్,” అన్నాడు చీఫ్ మల్లికార్జున్. “కంపెనీ పేపర్లన్నీ సరిగ్గా ఉన్నాయి. పైనుంచి ఒత్తిడి ఉంది. ఇప్పుడు వ్యాన్ ఆపితే నా ఉద్యోగం పోతుంది.”

“ఆపకపోతే పదకొండు పానాలు పోతయి సార్.”

“వాళ్లలో ఒకడు నీ భర్త కాబట్టి నీకలా అనిపిస్తోంది. వెనక్కి వచ్చెయ్. ఇది ఆర్డర్.”

పుష్పలత ఇయర్‌పీస్ పీకి స్కూటీ డిక్కీలో పడేసింది. ఆర్డరట, ఆర్డర్! ఏసీ గదిలో కూర్చుని కుర్చీ కోసం ఏడ్చేవాళ్ల ఆర్డర్ ఎవడిక్కావాలి?

శత్రుదేశంలో మారుపేర్లతో పనిచేస్తున్న పదకొండుమంది మన ఏజెంట్ల లిస్టు లీకయింది. అది ఒక పాత స్విస్ గడియారంలో దాక్కుని దేశం దాటబోతోందని గట్టి సమాచారం. చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో బోధన్ చుట్టుపక్కల ఆఫీసర్లు, చెరుకు ఆసాములు మోజుపడి కొనుక్కున్న స్విస్ గడియారాలను, రెండు నెలలుగా ఒక విదేశీ ముఠా కంపెనీ ముసుగులో ఇల్లిల్లూ తిరిగి కొంటోంది. ఈరోజు పదకొండున్నరకు వాటితో వ్యాన్ బయల్దేరుతుంది. సాలూర దగ్గర మంజీర వంతెన దాటితే మహారాష్ట్ర. ఆ తర్వాత దాన్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. ఆమె భర్త విష్ణు ఇక ఇంటికి రాడు.

ఆమె చౌక్ మూలనున్న వాచ్ రిపేర్ డబ్బా దగ్గరికి నడిచింది. డబ్బా యజమానురాలు భూమవ్వకు డెబ్బై ఏళ్లు. రోజుకు వెయ్యి బీడీలు చుట్టిన వేళ్లు ఆమెవి. ఆ వేళ్ల ఒడుపు చూసే మొగుడు లింగం ఆమెకు పని నేర్పాడు. అతను పోయాక డబ్బా ఆమెదే అయింది. చాబీ గడియారాల సంగతి జిల్లాలో ఆమెకు తెలిసినంత మరొకరికి తెలియదు.

“అవ్వా, నీతోని పనివడ్డది. పానం మీది పని.”

“ఎవరి పానం బిడ్డా?”

“మా ఆయనది.”

భూమవ్వ కంటి అద్దాన్ని కొంగున ముడేసుకుంది. “నడువు మరి. నిలవడి సూస్తవేంది?”

పదకొండు దాటాక బోధన్ శివార్లలోని పాత బంగళాకు ఒక ముసలమ్మ, పసుపు మరకల చీర కట్టిన మనవరాలు వచ్చారు. తాత గడియారం అమ్ముకుంటారట. గేటు దగ్గరి కాపలావాళ్లు నవ్వి లోపలికి వదిలారు.

హాల్లో నల్లబండల నేల. పొడవాటి బల్ల మీద మఖ్మల్ గుడ్డ, దాని మీద నలభై గడియారాలు. పక్కన తెల్ల సూటు, ఖరీదైన సెంటు, సినిమా హీరో లాంటి నవ్వు. అతనే ప్రేమ్. డిపార్ట్‌మెంట్‌కు పాత వాచీల ఎక్స్‌పర్ట్. ముఠాలో నిపుణుడిగా చేరి మనకోసం పనిచేస్తున్నాడని రికార్డు.

పుష్పలతను ఇట్టే గుర్తుపట్టి దగ్గరికొచ్చాడు. “మిషన్ ముగిసింది పుష్పా. ఈ వేషమేంటి?”

“ఎర్కనే. వచ్చినం గదా, అవ్వను ఒక్కసారి సూడనీ.”

“ఈవిడా? స్విస్ వాచీలా?” పకపకా నవ్వాడు. “సరే, ఐదు నిమిషాలు. కానీ జాగ్రత్త అవ్వా! దీన్ని మాత్రం ముట్టుకోకు. మినిట్ రిపీటర్. మీట లాగితే టైమెంతో గంటలు కొట్టి చెబుతుంది. ఇలాంటివి ప్రపంచంలో పన్నెండే ఉన్నాయి.” దాన్ని పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తి చూపించి, మళ్లీ బల్ల మీద పడుకోబెట్టాడు.

భూమవ్వ కంటికి అద్దం పెట్టుకుని, ఒక్కో గడియారం వెనక మూత గోటితో తెరిచి చూస్తూ పోయింది. ఇరవై మూడోదాని దగ్గర ఆగింది.

“బిడ్డా, గిటు రా. రిపేర్ చేసినోడు మూత లోపట సూదితోని తారీఖు, నంబర్ గీసుకుంటడు. గది మా పద్ధతి.”

“అది అందరికీ తెలిసిందేగా,” అన్నాడు ప్రేమ్.

“తెలిసి గూడ సూడలేదా సారూ? చాబీ గడియారాన్ని మూడు నాలుగేండ్లకు ఒకపారి కడుగుతం. దీన్ని ఒక్క ఏడాదిలనే పదకొండు సార్లు కడిగిండ్రట! గసుంటి పిసోడు యాడున్నడు? అన్ని గూడ ఒక్క చెయ్యే గీసింది.”

పదకొండు! పుష్పలత మూత మీదికి వంగింది. ఇవి రిపేరు నంబర్లు కావు, పదకొండుమంది ఆచూకీ. ఇంత పెద్ద ఎక్స్‌పర్టు దీన్ని చూసి కూడా క్లీన్ అని రాశాడంటే, వాడు తిన్నది రెండు ఇళ్ల కూడు.

ప్రేమ్ నవ్వు ఆరిపోయింది. కుడిచేతిలో చిన్న పిస్టల్, ఎడమచేతిలో పెన్ను. తెరిచిన మూత మీదికి పెన్నును వంచి ఒకసారి నొక్కాడు. చివర్న ఆకుపచ్చ లైటు వెలిగింది.

“ఫోటో తీసింది. రెండోసారి నొక్కితే నేరుగా శాటిలైట్‌కు పోతుంది. సిగ్నల్‌ను ఢిల్లీ పసిగడుతుందని ఇన్నాళ్లూ వాడలేదు. ఇప్పుడు దాచడానికేముంది? కదిలావో, ముసలిదాన్ని కాల్చేస్తా.”

“కాల్చురా!” భూమవ్వ అడుగు ముందుకేసింది. “డెబ్బై ఏండ్లు బతికిన. నీ అసుంటోనికి భయపడాల్నా? కాల్చు!”

ప్రేమ్ చూపు అరక్షణం అటు తిరిగింది. ఆ అరక్షణంలో పుష్పలత మినిట్ రిపీటర్‌ను అందుకుని పైకప్పు వైపు ఎగరేసింది.

“అయ్యో, గడియారం!”

ఒకేసారి రెండు గొంతులు. ఒకటి భూమవ్వది, ఒకటి ప్రేమ్‌ది. నొక్కబోతున్న పెన్ను జారిపోయింది, పిస్టల్ జారిపోయింది. తెల్ల సూటుతో సహా బండల మీదికి దూకి, నేలకు జానెడెత్తులో గడియారాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. పుష్పలత చెప్పు కింద పెన్ను పటపట విరిగింది. ఆమె అందుకున్న పిస్టల్ గొట్టం అతని మెడకు తగిలింది.

ప్రేమ్ ముందు గడియారాన్ని చెవికి ఆనించుకున్నాడు. “నడుస్తోంది,” అన్నాడు తృప్తిగా. చేతులెత్తింది ఆ తర్వాతే.

బయట పోలీసు జీపు సైరన్. గడియారాలు దొంగిలించారని పుష్పలతే దారిలో బోధన్ పోలీసులకు ఫోన్ చేసింది. సైరన్ వినగానే కాపలావాళ్లు వరిచేలకు అడ్డంపడి ఉరికారు.

భూమవ్వ కోపం మాత్రం దిగలేదు. “నీ చేతులిరుగ! గంత మంచి గడియారాన్ని ఎగరేస్తవా? వాడు పట్టకపోతే?”

“పగులుతుండె. మా ఆయనకన్న ఎక్కువనా అవ్వా?” పుష్పలత చేత్తో కళ్లు తుడుచుకోబోయింది. భూమవ్వ తన కొంగుతో ఆమె మొహం తుడిచింది.

మధ్యాహ్నం చీఫ్ ఫోన్ చేశాడు. అభినందనలు లేవు, పాడు లేదు.

“ఆర్డర్‌ను ధిక్కరించావు. రేపు పొద్దున్నకల్లా నీ సంజాయిషీ రాతపూర్వకంగా నా టేబుల్ మీద ఉండాలి.”

“రేపు కాదు సార్. విష్ణు ఇంటికొచ్చినంక రాయించి పంపుత. ఆయన దస్తూరి మంచిగుంటది.”