పేపర్లోంచి దిగిపోయిన డ్రైవర్

"డ్రైవర్ ఏడీ?"

కాఫీ కప్పు అందించబోతున్నవాడు ఆగిపోయాడు. "ఏ డ్రైవరు?"

"నీ పేపర్లో డ్రైవరు. రాత్రికి రాత్రే బస్సు దిగి ఎటు పోయాడు?"

రాజ్యాంగ న్యాయ సదస్సుకి అది రెండో రోజు. బయట వాన దంచి కొడుతోంది. లోపల కాఫీ మెషీన్ దగ్గర గొడుగులూ, మెడలో బ్యాడ్జీలూ, తోపులాటా. ఆమె యువ లెక్చరర్. తన పేపర్ నిన్ననే చదివేసింది కాబట్టి ఇవాళ హాయిగా కూర్చుని అతని పేపర్ వినొచ్చనుకుంది. అతను ఇచ్చిన ప్రింటవుట్ తిప్పి చూసేసరికి ఒళ్లు మండిపోయింది.

అతను గొంతు తగ్గించాడు. "మీ నాన్నగారు వస్తున్నారుగా."

"వస్తే?"

"ఆ తీర్పు రాసింది ఆయనే కదా! లంచ్‌లో పిల్లనివ్వమని అడగాల్సినవాడు, లంచ్‌కి ముందు ఆయన తీర్పు తప్పని మైకులో చెప్తాడా ఎవడైనా?"

సంగతేమిటంటే, ఒకప్పుడు ఒక బస్సు డ్రైవర్ డ్యూటీ దిగి, యూనిఫాం విప్పేసి, ప్రభుత్వాన్ని విమర్శించే కరపత్రాలు పంచాడు. ఉద్యోగం ఊడింది. కోర్టుకెక్కితే అప్పట్లో జడ్జిగా ఉన్న ఆమె తండ్రి 'యూనిఫాం విప్పినా ఉద్యోగి ఉద్యోగే' అని తేల్చేశారు. లా విద్యార్థులు ఆ వాక్యాన్ని ఇప్పటికీ బట్టీ పడతారు. అది తప్పని చూపించడమే ఈ కుర్రాడి పరిశోధనకి ప్రాణం.

"ప్రాణం తీసేసి ఉత్త పేపర్ని స్టేజీ ఎక్కిస్తావా?" అందామె.

"మిగతాది బాగానే ఉంది కదా."

"పోయినేడు ఇక్కడే నిన్ను నేనో ప్రశ్న అడిగాను. గుర్తుందా?"

"మర్చిపోతానా? హాలంతా చూస్తుండగా పరువు తీశావు."

"జవాబు తెలీదని మైకులోనే ఒప్పుకున్నావు. వారం తిరక్కుండా ఫోన్ చేసి జవాబు చెప్పావు. నాకు నచ్చింది ఆ మనిషి. ఈ పిరికిసన్నాసిని మా నాన్నకి పరిచయం చెయ్యను."

"అంటే... లంచ్?"

"నీకు నచ్చిన చోట తిను."

కాఫీ కూడా అతని చేతిలోనే వదిలేసి వెళ్లిపోయింది.

జడ్జిగారు గొడుగు దులుపుకుంటూ వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. అధ్యక్షత వహిస్తున్న ప్రొఫెసరమ్మ ఆయన్ని చూసి లేచి నిలబడి, మళ్లీ కూర్చుంది.

అతను పేపర్ చదివాడు. చక్కగానే చదివాడు. ఎక్కడా తడబడలేదు, ఎవరినీ నొప్పించలేదు. చప్పట్లు మాత్రం మొహమాటానికి కొట్టినట్టు వినిపించాయి. ప్రేమించినవాడు అందరి ముందూ తనంతట తాను చిన్నవాడైపోతుంటే చూడటం ఎంత కష్టమో ఆమెకి తెలిసొచ్చింది. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. కోపమే గెలిచింది. లేచి నిలబడి చెయ్యెత్తింది.

"డ్యూటీ దిగిన ఉద్యోగికి మాట్లాడే హక్కుందని ఇంతసేపు చెప్పారు. డ్రైవర్ కేసు ఊసే ఎత్తలేదు. ఆ తీర్పు ఒప్పా, తప్పా?"

ప్రొఫెసరమ్మ మంచినీళ్ల గ్లాసు అందుకుంది. తలలన్నీ జడ్జిగారి వైపు తిరిగాయి. ఆయన నింపాదిగా కళ్లజోడు తుడుచుకుంటున్నారు.

అతను ఆమె వైపు చూశాడు. చంపేశావుగా అన్నట్టుంది ఆ చూపు. తర్వాత చేతిలో కాగితాలు పక్కన పెట్టేశాడు.

"తప్పండీ," అన్నాడు. "గౌరవంతోనే చెప్తున్నాను. తప్పు."

చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. కాగితం లేదు, తడబాటు లేదు. వెనక వరసల్లో ఫోన్లు చూసుకుంటున్నవాళ్లు కూడా తలలెత్తారు. అతను ముగించేలోపే జడ్జిగారు లేచారు.

"ప్రభుత్వ బస్సు నడిపే మనిషే ప్రభుత్వాన్ని తిడుతుంటే, ఆ బస్సెక్కే జనానికి నమ్మకం ఎక్కణ్ణుంచి వస్తుందండీ?"

"జనం బస్సెక్కేది డ్రైవర్ అభిప్రాయాలు చూసి కాదు సార్, బ్రేకు మీద అతని కాలుని నమ్మి. అతని డ్రైవింగ్ మీద ఒక్క ఫిర్యాదూ లేదని మీ తీర్పులో మీరే రాశారు. యూనిఫాం వేసుకున్నప్పుడు కూడా లోపల ఆ పౌరుడే ఉన్నాడు సార్. విప్పేశాక ఇక చెప్పేదేముంది?"

హాలు ఘొల్లున నవ్వింది. ఆపైన చప్పట్లు, ఈసారి నిజమైనవి. జడ్జిగారు "ఊఁ" అని కూర్చున్నారు. ఆమెకి మైకు లాక్కుని, ఈ మాట్లాడినవాడు నావాడని అందరికీ చెప్పాలనిపించింది.

లంచ్‌లో అతను ప్లేటు పట్టుకుని దూరంగా ఓ మూల నిలబడ్డాడు. ఆమె వెళ్లి మోచెయ్యి పట్టుకుని నాన్న కూర్చున్న బల్ల దగ్గరికి లాక్కొచ్చింది.

"నాన్నా, నేను చెప్పానే, ఒకరిని పరిచయం చేస్తానని..."

"తెలిసిపోయిందిలే. ప్రశ్న అడిగినదానివి కూర్చోవాలా వద్దా? అతను చెప్పడం అయ్యేదాకా నిలబడే ఉన్నావు, నీ పరీక్ష ఫలితాలేవో ఎవరో చదివి వినిపిస్తున్నట్టు." జడ్జిగారు అతని వైపు తిరిగారు. "కూర్చోండి. ముందు నా కేసు ఎందుకు తీసేశారు?"

"మీరంటే భయమేసింది సార్."

"మరి చివరికెందుకు చెప్పారు?"

"మీ అమ్మాయంటే ఇంకా భయం సార్."

జడ్జిగారి మీసాల కింద నవ్వు కదిలింది. "మా ఇంట్లో అందరిదీ అదే పరిస్థితి. నిన్న తన పేపర్లో నా ఉపన్యాసాన్ని ఉతికి ఆరేసింది. అయినా నా తీర్పు తప్పని నేను ఒప్పుకోనండీ."

"ఒప్పుకునేదాకా వాదిస్తాను సార్."

"అయితే మా అమ్మాయికి ఈ జన్మలో పెళ్లవదు."

"నాన్నా! ఆ కేసు వాయిదా వెయ్యి. ముందు ఈ కేసు తేల్చు," అందామె.

జడ్జిగారు ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. "నా ఎదుట నిలబడి వంగి వంగి మాట్లాడినవాళ్లు చాలామంది. వాళ్ల మొహాలు ఒక్కటీ గుర్తులేవు," అని మెల్లగా అని, ప్లేటు దగ్గరికి లాక్కున్నారు. ఇద్దరూ ఎదురుచూశారు. ఆయన తీరిగ్గా నాలుగు ముద్దలు తిని తలెత్తారు.

"అల్లుడుగారూ, ఆ నీళ్ల జగ్గు కాస్త ఇటివ్వండి."

అతను రెండు చేతులతో జగ్గు పట్టుకుని వంచాడు. గ్లాసు నిండి బల్ల మీదికి పొర్లుతున్నా ఆ ముగ్గురిలో ఎవరూ ఆపమనలేదు.