ధూమాక్షుడు ఎత్తుకుపోయిన వెలుగుపట్టీ

పూర్వం మణిసాగర రాజ్యంలో కోటగోడకు పెద్ద స్ఫటిక గవాక్షం ఉండేది. ఊరి కాలువకు నీళ్లు వదలడానికి కొండల్లో తూము ఎత్తగానే, గవాక్షం కింది అంచున బంగారు పట్టీ ఎడమ నుంచి కుడికి మెల్లగా వెలిగేది. నీళ్లు ఎంత దూరం వస్తే అంత మేర వెలుగు. దాన్ని చేసిన శిల్పి తన కూతురు కేతకిని భుజాలమీద ఎక్కించుకుని చూపించేవాడు. ఊరంతా అక్కడే చేరి శనగలు నములుతూ కబుర్లాడుకునేది. శిల్పి పోయాక కూడా కేతకి రోజూ వెళ్లి అక్కడ కూర్చునేది.

ఒక వేసవిలో ధూమాక్షుడనే రాక్షసుడు ఆ పట్టీని ఎత్తుకుపోయాడు. నీళ్లు బయలుదేరాయో, దారిలో ఆగాయో ఎవరికీ తెలియలేదు. "ఎగువవాళ్లే మళ్లించుకుంటున్నారు!" అంటూ జనం కాలువ గట్లు తెంచడానికి గునపాలు పట్టారు. గట్లు తెగితే రాజ్యమే మునిగిపోతుంది. రాజు ఎంత చెప్పినా ఎవరూ వినలేదు.

"గట్లు తాకకండి. పట్టీ నేను తెస్తాను" అని కేతకి ధూమాక్షుడి గుహకు అడవి దారి పట్టింది.

అడవి చివర మంచు కమ్మిన సరస్సు అడ్డొచ్చింది. ఒక ముసలి తాబేలు ఆమెను వీపున ఎక్కించుకుంది.

"ఒడ్డు ఎంత దూరం, తాతా?" అంది కేతకి భయంగా.

"ఈ మంచులో నాకూ తెలియదమ్మా. ఈదినంతసేపూ కూనిరాగం తీస్తుంటాను. రాగం వినబడుతుంటే మనం సాగుతున్నట్టే."

ఆ రాగం వింటూ కేతకి ధైర్యంగా అవతలి ఒడ్డు చేరింది.

గుహలో ధూమాక్షుడు ఒక శిలముందు కుమిలిపోతున్నాడు. ముని శాపంతో రాయైన అతని భార్య అది. ఆమె ముఖానికి అడ్డంగా బంగారు పట్టీ కట్టి ఉంది.

"శాపం ఎంత తీరిందో ఇది చెబుతుందనుకున్నాను. ఒక్క మిణుకూ లేదు!" అని రాక్షసుడు గర్జించాడు.

కేతకి ముందుకు నడిచింది. "ముఖమే కప్పేస్తే ఆమె నీకెలా కనబడుతుందయ్యా? మా నాన్న దీన్ని ఎప్పుడూ కింది అంచునే పెట్టేవాడు."

ఆమె పట్టీ విప్పి శిల పాదాల చెంత అమర్చింది. ఎడమకొసన సన్నని వెలుగు పుట్టింది. రాక్షసుడు భార్య పాదం తాకి చూశాడు. వెచ్చగా ఉంది!

"వస్తోంది... నా చండిక వస్తోంది!" అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

పట్టీ నిండేదాకా కేతకి అతనికి తోడుగా కూర్చుంది. వెలుగు కుడికొస చేరగానే చండిక కళ్లు తెరిచింది. ధూమాక్షుడు పట్టీని కేతకి చేతిలో పెట్టి, ఆమెను తన భుజాలమీద మోసుకుంటూ ఆకాశమార్గాన మణిసాగరం చేర్చాడు.

జనం అప్పటికే గట్టుమీద గునపాలెత్తి ఉన్నారు. కేతకి పరుగున వెళ్లి పట్టీని గవాక్షం కింద బిగించింది. అది సగానికి పైగా వెలిగింది.

"నీళ్లొస్తున్నాయిరా, ఆగండి!" అని ఎవరో కేకపెట్టారు. గునపాలు కిందికి దిగాయి. పొద్దు వాలేలోపు కాలువ నిండుగా పారింది.

బిడ్డలు లేని రాజు కేతకిని కూతురిగా స్వీకరించి పట్టం కట్టాడు. ఆమె చల్లగా చాలాకాలం ఏలింది. "మా రాణమ్మ కాలంలో ఎదురుచూడటం కూడా హాయిగా ఉండేది" అని ఆ దేశపు ముసలివాళ్లు మనవలకు చెప్పుకునేవారట.