ఈ రోజు జలపాతం లేదు

లంబసింగి మంచును మూడో మెట్టు నుంచి రెండో మెట్టుకు దించాక గానీ ఓబులేశ్వరికి టీ గ్లాసు అందుకునే తీరిక దొరకలేదు.

"సాలు మేడమ్, సాలు," అన్నాడు అక్కడి మంచుగొట్టాల కాపరి బొంజుబాబు, తెరమీద తల గోక్కుంటూ. "ఇందాకల ఒకల మొకం ఒకలకి అవుపించలేదు. కొత్త పెళ్లి జంటలొచ్చేరు. మొకాలు అవుపించకపోతే ఫొటోలెందుకండీ?"

"పల్చబడిందని మళ్లీ ఎవరూ సణగకూడదు."

"సణగరండి. ఆలకి తెల్లగుంటే సాలు."

ఆరూ పదికి మంచు కుదుటపడింది. ఆ తరవాత పులికాట్. సరస్సులో నిలబడ్డ ఫ్లెమింగోల్లో సగం అసలువి, సగం పర్యాటక మండలి పెట్టిన యంత్రాలు. అసలు పక్షులు ఈ ఏర్పాటుకు ఎన్నడూ అభ్యంతరం చెప్పలేదు. పైగా మండలి పక్షులు వాటి తిండికి పోటీ రావు. నిన్నటి నుంచి ఒక మండలి పక్షి బురదలో ముక్కు దించి ఎత్తడం మానేసింది. ఓబులేశ్వరి దాన్ని లేపి, రెక్కలు విదిలింపజేసి, గుంపులోకి నడిపించింది.

కడపలోని దృశ్యపాలన గదిలో పొద్దున్న ఎప్పుడూ ఇలాగే గడుస్తుంది. రాష్ట్రంలో చూడదగిన స్థలాలు నలభై మూడు. వాటన్నిటినీ కలిపి 'చుట్టు' అంటారు. టిక్కెట్టు మీద ఏ బొమ్మ ఉందో అది కంటికి కనబడి తీరాలన్నది చూపుహామీ చట్టం. వానలు దారి తప్పిన ఏళ్లలో, పిల్లాజెల్లాతో నాలుగొందల కిలోమీటర్లు పోయి, "మొన్నటిదాకా ఉండేదండీ" అన్న మాట విని తిరిగొచ్చిన జనం పోట్లాడి తెచ్చుకున్న చట్టం అది. అమలు చేసేది మండలి. లెక్క చూసేది 'నిలకడ' అనే యంత్రం. ఏ స్థలమైనా ముప్పై రోజులు వరసగా తన బొమ్మ చూపించలేకపోతే నిలకడ దాన్ని చుట్టులోంచి తీసేస్తుంది. బస్సులు ఆగిపోతాయి. ఆ వెనకే అంగళ్లు మూతపడతాయి. ఇందులో కక్ష లేదు, కనికరం అంతకన్నా లేదు.

ఓబులేశ్వరి మొదటి శ్రేణి దృశ్యపాలకురాలు. తన పని తనకు బాగా వచ్చునన్న సంగతి ఆమెకు తెలుసు, దాచుకునేది కాదు. పక్క బల్ల దగ్గర కూర్చునే తాహెరా మూడో శ్రేణి. చేరి ఏడాదే అయింది. హార్స్‌లీ కొండల మీద చలి చూసుకుంటుంది.

ఆ గురువారం అసలు పని పదిన్నరకు ఉంది. శేషాచలం అడవి అంచున నెమిలికోన జలపాతం ఇరవై ఆరు రోజుల మరమ్మతు తరవాత మళ్లీ దూకాలి. మూడు వందల పన్నెండు మంది వస్తున్నారు. ఆ జలపాతం ఓబులేశ్వరిదే అనుకోవచ్చు. పదకొండేళ్ల కిందట ఆ కోన ఎండి, బండ నల్లగా మాడి ఉన్నప్పుడు, కింది గుండంలో నీళ్లను కొండపైకి ఎత్తి మళ్లీ దూకించే పంపు గీసిందీ పెట్టించిందీ ఆమె. ఆవిరైపోయే నీటికి బదులు నింపడానికి కొండపైన ఏడు వందల అడుగుల బోర్లు మూడు వేయించింది. చచ్చిన జలపాతాన్ని బతికించిందని మండలి ఆమెకు శాలువా కప్పింది.

తొమ్మిదీ యాభైకి నెమిలికోన నుంచి శాంతాబాయి పిలిచింది. పంపు దగ్గర కాపలా ఆమెదే. కోన దిగువన ఉన్న తండా మనిషి. యాభై దాటింది, గొంతు మాత్రం పాతికేళ్లది.

"మేడమ్, ఈపొద్దు పంపు ఎయ్యద్దు."

"ఏమైంది శాంతక్కా? మళ్లీ చెడిపోయిందా?"

"పంపు బంగారం మాదిరి ఉంది. నువ్వే ఒకసారి బండకాడ సూడు. ఎడంపక్క, కింద."

ఓబులేశ్వరి కెమెరాను తిప్పింది. జలపాతం దూకే చోట కాకుండా, దానికి ఎడమగా, మనిషి ఎత్తున బండలో ఒక చీలిక. దాని కింద రాయి తడిసి మెరుస్తోంది. దగ్గరికి లాగి చూసింది. చిటికెన వేలంత సన్నగా నీళ్లు జారుతున్నాయి.

"పైపు కారుతోందేమో."

"పైపు ఆ పక్క ల్యా. నాలుగు దినాల నాడు చెమ్మ కనపడె. నేను నోరు మూసుకోని ఉంటి. నిన్న బొట్లు పడె. ఈపొద్దు పారతాంది. మా అమ్మ ఈడనే బిందె పట్టేది మేడమ్. నాకు తెలుసు ఈ చోటు."

ఓబులేశ్వరి బోర్ల నీటిమట్టం తెరిచింది. పంపు ఆగిన రోజు ఆరు వందల ముప్పై అడుగులు. ఈ రోజు ఐదు వందల నలభై. ఇరవై ఆరు రోజుల్లో భూమిలో నీరు తొంభై అడుగులు పైకొచ్చింది. పదకొండేళ్ల వెనక్కి వెళ్లి చూసింది. బోర్లు వేసిన ఏడాది మట్టం ఐదు వందల అరవై. ఆ తరవాత ఏటా కిందికే. గత నాలుగేళ్లూ వానలు బాగా పడ్డాయి, అయినా కిందికే.

ఎండిన కోనను తను బతికించలేదు. వానలు తిరిగొచ్చాక కూడా దాన్ని లేవనివ్వకుండా నొక్కిపెట్టింది తన పంపే. శాలువా కప్పిన భుజాల మీద ఇప్పుడు సిగ్గు కూర్చుంది. లెక్క ఇంత తేటగా ఉంటే పదకొండేళ్లలో ఒక్కసారీ ఎందుకు చూడలేదని తనను తానే తిట్టుకుంది. జలపాతం రోజూ కనబడుతుండగా నీళ్లెక్కడివని అడిగే అవసరం ఎవరికీ రాలేదు, ఆమెతో సహా.

"శాంతక్కా, పంపు వెయ్యకుంటే ఇంకో నాలుగు దినాలకు నెమిలికోన చుట్టులోంచి పోతాది. బస్సులు రావు. మీ తండాలో అంగళ్లు ఎన్ని?"

"పదారు. నాదొకటి."

"మరి?"

"మరేముంది మేడమ్. తండాలో నీళ్లకు ట్యాంకరు మూడు దినాలకొకసారి వచ్చాంది. నీళ్లు లేకనే కదా మా పిల్లోల్లు కువైట్ పట్టుకోని పాయింది. అంగడి పోతే ఇంకోటి సూసుకుంటాం. ఊట పోతే యాడ తెచ్చేది?"

తాహెరా తన బల్ల దగ్గర నుంచి లేచి వచ్చి వింటోంది. "అక్కా, మరమ్మతు ఇంకా కాలేదని రాసెయ్. ఇంకా నాలుగు దినాల గడువుంది కదా. ఎవరూ అడగరు."

ఓబులేశ్వరి ఆ మాట ఆలోచించింది. తేలికైన దారే. కానీ మరమ్మతు అని రాస్తే పన్నెండు గంటల్లో మరమ్మతు బృందం వచ్చి వాలుతుంది. వాళ్లు పంపు చూస్తారు, బాగుందంటారు, మీట నొక్కుతారు. అబద్ధం ఊటను ఒక్క పూట కాస్తుంది, అంతే.

నిలకడ పట్టికలో 'కారణం' గడి తెరిచింది. అందులో నాలుగు వరసలు: మరమ్మతు, వాతావరణం, ప్రమాదం, ప్రముఖుల పర్యటన. కొత్త వరస చేర్చే హక్కు మొదటి శ్రేణి వాళ్లకు ఉంది. చట్టం వచ్చాక ఒక్కరూ వాడలేదు. ఓబులేశ్వరి అయిదో వరస చేర్చి, రెండే అక్షరాలు రాసింది.

లేదు.

'ఎప్పటివరకు?' అని అడిగింది నిలకడ. జవాబు రాయకపోతే గడి మూసుకోదు. ఆమె తేదీ ఇవ్వలేదు. 'ఊట ఉన్నంతవరకు' అని రాసి తన పేరు నొక్కింది. అర సెకనులో జవాబిచ్చే యంత్రం పదకొండు సెకన్లు ఊరుకుంది. ఆ తరవాత, చేసేదేమీ లేక, ఒప్పుకుంది. ముప్పై రోజుల లెక్క మాత్రం ఆపలేదు.

పదీ ఇరవైకి మండలి ప్రాంతాధికారి జనార్దనంగారు ఫోన్ చేశారు.

"ఏమిటమ్మా ఇది? లేదు అంటే ఏమిటి అర్థం?"

"లేదనే సార్."

"ఆ పంపు నువ్వు పెట్టిందే కదా! దానికే కదా నిన్ను సన్మానించాం!"

"శాలువా రేపు పంపిస్తాను సార్. పంపు మాత్రం వెయ్యను."

"నేనిక్కడ నుంచి వేయగలను, తెలుసుగా."

"వేయొచ్చు సార్. బోర్ల మట్టం మీకూ పంపాను, చూసి వేయండి. ఊట మళ్లీ ఎండితే కారణం గడిలో మీ పేరు ఉంటుంది."

అవతల కాగితాలు తిప్పుతున్న చప్పుడు. జనార్దనంగారు చెడ్డవారు కాదు. తన పేరు ఏ గడిలోనూ పడకుండా ముప్పై ఏళ్లు నెట్టుకొచ్చినవారు. "సరే, చూద్దాం," అని పెట్టేశారు.

పదిన్నరకు మూడు వందల పన్నెండు మంది కోనలో నిలబడి, ఎండిన బండకేసి ఫోన్లు ఎత్తిపట్టుకున్నారు. ఓబులేశ్వరి అక్కడి మైకు తెరిచింది.

"అందరికీ నమస్కారం. నా పేరు ఓబులేశ్వరి. ఈ రోజు జలపాతం లేదు. పదకొండేళ్లుగా ఇక్కడ జనం చూసింది నేను పెట్టిన పంపు. అది ఈ కోనలో నీళ్లను తాగేసింది. తప్పు నాది. పంపు ఆపితే అసలు ఊట వచ్చింది. మీ ఎడమ పక్కన ఉంది. చిన్నది. చూడాలనుకున్నవాళ్లు చూడండి."

గోల మొదలైంది. "దీనికోసమా శ్రీకాకుళం నించి వచ్చేం!" అని ఒకాయన బస్సు వైపు నడిచాడు, ఆయన వెనక ఇంకో యాభై మంది. ఓబులేశ్వరి వాళ్లను తప్పు పట్టలేకపోయింది. మిగిలినవాళ్లలోంచి ఒక ముసలమ్మ చెప్పులు విడిచి, బండ దగ్గరికి పోయి, చీలిక కింద దోసిలి పట్టింది. దోసిలి నిండటానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ వెనక వరస కట్టిన వాళ్లెవరూ ఆమెను తొందరపెట్టలేదు.

"సల్లగుండాయంట మేడమ్," అంది శాంతాబాయి ఫోన్‌లో. ఓబులేశ్వరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు.

మొదటి శ్రేణి వాళ్లు చేర్చిన వరస ఆ రోజే అందరి పట్టికల్లోకీ వస్తుంది. అది నిలకడ నియమం. మధ్యాహ్నం రెండు గంటలకు నలభై మూడు స్థలాల కారణం గడిలోనూ అయిదో వరస కనబడింది. గదిలో చాలామంది దాన్ని తెరిచి చూసి, గబగబా మూసేశారు. తాహెరా మాత్రం మూయలేదు. తెరమీద హార్స్‌లీ కొండల చలియంత్రాలు ఎనిమిదీ పచ్చగా వెలుగుతున్నాయి.

"అక్కా, ఈ వరస నేనూ నొక్కొచ్చా?"

"నొక్కొచ్చు. నీ కొండ మీద అసలు చలి ఉందా?"

"ఏమో. యంత్రాలు పెట్టినప్పటికి నేను పుట్టనే లేదు," అంది తాహెరా. "ఆపితే గదా తెలిసేది."

ఓబులేశ్వరి కుర్చీ ఆమె బల్ల దగ్గరికి లాక్కుంది. తాహెరా నొక్కింది.