మంట లేని చెయ్యి

నజ్మీన్ చూపుడువేలు పెదవికి ఆనించి చూసుకుంది. మంట లేదు. "చెయ్యి బాగానే ఉందిలే" అనుకుని తమ్ముడు ముదస్సిర్‌కి పెరుగన్నం కలపడం మొదలుపెట్టింది.

మిరపకోతల రోజుల్లో వాళ్ళింట్లో అందరిదీ ఇదే పరీక్ష. కల్లంలో కాయలు ఏరి వచ్చాక చేతులు కడుక్కుంటారు. వేలు పెదవికి తాకిస్తారు. చురుక్కుమనకపోతేనే పిల్లాణ్ణి ముట్టుకుంటారు. ఒకసారి నాన్న మర్చిపోయి వాడి బుగ్గ నిమిరాడు. ఇంకేముంది, ముదస్సిర్ ఇల్లు పీకి పందిరి వేశాడు!

కానీ ఇప్పుడు నజ్మీన్ కల్లం నుంచి రాలేదు. బాత్‌రూమ్ నుంచి వచ్చింది. నిన్నటి నుంచీ తన కడుపులో గడబిడగా ఉంది. చేతుల మీద కాసిని నీళ్ళు పోసుకుంది. సబ్బు జోలికి పోలేదు.

రెండు రోజులు తిరిగేసరికి ముదస్సిర్‌కి విరేచనాలు పట్టుకున్నాయి. జిగటగా, మధ్యలో నెత్తుటి చారలు. వాడు కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతుంటే నజ్మీన్‌కి ఏడుపొచ్చింది. అమ్మ ఖుర్షిదా వాణ్ణి భుజాన వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తింది. వెనకే నజ్మీన్.

డాక్టరు గారు చూసి మందు రాశారు. నర్సు రెబ్కా గారు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు తెచ్చారు.

"నీళ్ళు తాగితే ఇంకా ఎక్కువవుతాయేమోనని పొద్దుటి నుంచి ఇవ్వలేదండి" అంది అమ్మ.

"అయ్యో, పోయిన నీళ్ళు మళ్ళీ ఒంట్లోకి రావాలి కదమ్మా! కాచి చల్లార్చిన నీళ్ళు లీటరు తీసుకుని, ప్యాకెట్ మొత్తం కలపండి. చెంచాతో కొంచెం కొంచెంగా తాగించండి. అన్నం మానిపించొద్దు, మెత్తగా పెట్టండి. ఒంటేలు తగ్గినా, పిల్లాడు డీలా పడినా వెంటనే తీసుకొచ్చెయ్యండి. చేతులు సబ్బుతో కడుక్కుంటున్నారా?"

"నేను కడుక్కున్నానండి. పెదవికి తాకించి కూడా చూశా. మంట లేదు" అంది నజ్మీన్.

రెబ్కా గారు ఆమెను దగ్గరికి తీసుకున్నారు. "మిరపకాయ మంచిది తల్లీ. చేతికి అంటుకుంటే ఉన్నానని చెబుతుంది. ఈ రోగం తెచ్చే క్రిమి చెప్పదు. కనపడదు, మండదు. సబ్బుకే పోతుంది."

నజ్మీన్ తల వంచుకుంది. "అయితే... నా వల్లేనా?"

"అది ఎవరూ చెప్పలేరమ్మా. ఇప్పుడు వాడికి అక్క కావాలి. పద."

ఇంటికెళ్ళగానే నజ్మీన్ చేతులు నురగ వచ్చేదాకా రుద్దుకుంది. గ్లాసు, చెంచా పట్టుకుని తమ్ముడి పక్కన కూర్చుంది.

"ఉప్పగా ఉంది, నాకొద్దు" అన్నాడు వాడు.

"ఒక్క చెంచానే రా. మా బంగారం కదూ."

ఆ ఒక్క చెంచా తర్వాత ఇంకో చెంచా. వాడు కక్కితే కాసేపు ఆగి మళ్ళీ పట్టింది. వాడి బట్టలు మార్చిన ప్రతిసారీ సబ్బు దగ్గరికి పరిగెత్తింది.

కొన్నాళ్ళకు ముదస్సిర్ తేరుకున్నాడు. "అక్కా, ఆకలి!" అని వాడు కేక పెడితే నజ్మీన్‌కి ఎంత సంతోషమో!

అప్పుడే అమ్మ కల్లం నుంచి వచ్చింది. చేతుల మీద నీళ్ళు పోసుకుంది. అలవాటు ఎక్కడికి పోతుంది? వేలు పెదవికి తాకించుకుంది.

"మంట లేదులే. వాణ్ణి ఇటియ్యి, అన్నం పెడతా."

నజ్మీన్ తమ్ముణ్ణి ఇవ్వలేదు. ముందు సబ్బు అందించింది.