ఆరుకు గంటన్నర కలిపితే

పది గంటలు దాటినా సుమన వాళ్ల మేనమామ రాలేదు. సూరత్‌లో, పాండేసరలోని ఆ చిన్న గదిలో, అమ్మ ఒడిలో ఏడాది వయసు తమ్ముడు మార్కండేయ ఆకలితో రాగం తీస్తున్నాడు. ఆ రోజు వాడికి పుట్టువెంట్రుకలు. మొదటి కత్తెర మేనమామే పెట్టాలి. గుండు గీసి, స్నానం చేయించాకే వాడికి బువ్వ.

కటింగ్ షాపు కనకయ్య ఎనిమిదింటి నుంచి చాప మీద కూర్చుని ఉన్నాడు. ఆదివారం ఆయనకు గిరాకీ ఎక్కువ. అయినా షాపుకు తాళం వేసి వచ్చాడు.

ఎనిమిది అని చెప్పింది సుమనే.

ముందురోజు ఉమాకాంత్ మామ ఫోన్ చేసినప్పుడు నాన్న మగ్గాల కార్ఖానాలో ఉన్నాడు. అమ్మ కింద నీళ్లు పడుతోంది. పొద్దున ఆరింటికి సిరిసిల్ల నుంచి బయలుదేరుతున్నానని అమ్మకు చెప్పమన్నాడు మామ. హైదరాబాద్ నుంచి సూరత్‌కు విమానంలో గంటన్నర. క్లాసులో టీచర్ అడిగితే అందరికన్నా ముందు చెప్పింది సుమనే. అందుకే ఆరుకు గంటన్నర కలిపి, వచ్చిన ఏడున్నరను ఎనిమిది చేసింది. మామ అన్న మాట చెప్పకుండా, తాను కట్టిన లెక్కే అమ్మకు చెప్పింది. అమ్మ దాన్ని నమ్మి కనకయ్యను పిలిచింది.

తొమ్మిదింటికి అమ్మ మళ్లీ అడిగితే, దగ్గర్లోనే ఉంటాడని అంది. అదీ తెలిసి అన్న మాట కాదు.

నానమ్మ వెంకటవ్వకు ఓపిక అయిపోయింది. "నీ తమ్ముడు విమానం ఎక్కిండా, దాన్ని నేసుకుంట వస్తుండా?" అని కోడలికి చురక వేసింది. పక్కింటి మొండయ్య చేత కత్తెర పెట్టిద్దామంది. అమ్మ తల దించుకుంది. ఆమెకు ఉన్నది ఒక్కడే తమ్ముడు.

అప్పుడే ఫోన్ మోగింది. సుమన వరండాలోకి వెళ్లి ఎత్తింది. సిరిసిల్ల నుంచి ఎయిర్‌పోర్టుకు రావడానికే నాలుగు గంటలు పట్టిందనీ, ఫ్లైట్ పన్నెండు దాటాకేననీ చెప్పాడు మామ.

"ఏడిదాక వచ్చిండట?" లోపలి నుంచి అమ్మ అడిగింది.

దగ్గరికొచ్చాడన్న మాట సుమన నాలుక చివరే ఉంది. ఆ మాట అంటే ఇంకాసేపు తనను ఎవరూ ఏమీ అనరు. కానీ తమ్ముడు ఇంకాసేపు ఏడుస్తాడు. ఆ తర్వాత కత్తెర మొండయ్య చేతికి పోతుంది.

సుమన గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "ఇంకా హైదరాబాద్‌లనే ఉన్నడమ్మా. నేనే తప్పు లెక్క గట్టిన. విమానంల కూసునేది ఒక్కటే లెక్కపెట్టిన. ఇంటికాడికెల్లి విమానం దాక తొవ్వ ఉంటదని అనుకోలే. తమ్మునికి బువ్వ పెట్టు."

అమ్మ లేచి పప్పన్నం కలిపింది. మొదటి ముద్ద నోట్లో పడగానే మార్కండేయ ఏడుపు ఆగింది. ఇక మేనమామ వచ్చాకే కత్తెర పెడదామని నానమ్మే అంది.

కనకయ్య సంచి సర్దుకుని మెట్లు దిగుతుంటే సుమన వెంట వెళ్లింది. పొద్దుటి బేరమంతా ఆయనకు తన వల్లే పోయిందని ఆమెకు తెలుసు.

"తప్పయింది తాతా," అంది.

"సరే గని, మల్ల ఎప్పుడు రావాలె బిడ్డా? మూడింటికా?"

సుమన మనసులో అంకెలు కూడుకోవడం మొదలుపెట్టి, ఆగింది.

"నాకు తెల్వది తాతా. విమానం దిగినంక ఫోన్ చేస్త అన్నడు మామ. చేయంగనే నేనే షాపుకొచ్చి పిలుస్త. అప్పటిదాక నువ్వు గిరాకీ చూస్కో."