తడిమట్టిలో మిగిలిన మాటలు

గాలిరైళ్లు చక్రాలు లేకుండా పరుగెడుతున్న రోజులవి. హైదరాబాదులో చేతికి తీసుకున్న టీ చల్లారేలోగా కృష్ణ దాటేసేవారు. అయినా జనానికి ఆలస్యమే. ఇంకా సూటి దారి కావాలన్నారు. ఆ దారికి ఎర్రగట్టు ఊరి చేలల్లో మూడు వేల ఏళ్లుగా నిలబడ్డ నిలువురాయి అడ్డొచ్చింది.

దాన్ని కాపాడాలని పురావస్తు శాస్త్రవేత్త సుభాషిణి పడని పాట్లు లేవు. ఆ రాయి నీడను చూసి ఆనాటి రైతులు విత్తనాలు వేసేవారని ఆమె ఇరవై ఏళ్లుగా వాదిస్తోంది. ఇవాళ రుజువు చూపకపోతే రేపు రాయిని పెకలిస్తారు.

ఆమెకు మిగిలిన ఆశ శబ్దశోధిని అనే యంత్రం ఒక్కటే. రాయి పాతేటప్పుడు గుంటలో తొక్కిన తడిమట్టి ఆరేలోగా, చుట్టూ పలికిన మాటలు అందులో సన్నని గీతలై మిగులుతాయి. లేజర్ స్కానర్ ఆ గీతలను చదువుతుంది. నేటి భాషల వేర్లు తవ్వి ఆనాటి భాషను కూర్చుకున్న కంప్యూటర్ అర్థం చెబుతుంది.

రైలుమార్గ సంఘం అధ్యక్షుడు తిమ్మారెడ్డి ఆ ఊరివాడే. కుర్చీ వేయించుకుని రాయి ముందు కూర్చున్నాడు. యంత్రం నింపాదిగా మొదలుపెట్టింది.

“ఒక గొంతు: ‘ఇంకా పొడుగు రాయి తేవాల్సింది.’ ఇంకో గొంతు: ‘దీన్ని మోసేసరికే నడుములు విరిగాయి.’ మొదటి గొంతు: ‘ఏటి అవతలివాళ్ల రాయి కంటే పొట్టిదైతే మన పరువేం కాను?’”

“నీడ, వానలు, విత్తనాలు... ఆ మాటలేవీ లేవా?” సుభాషిణి అడిగింది.

“లేవు.”

తిమ్మారెడ్డి పకపకా నవ్వాడు. “గింతేనా మేడమ్? పక్కూరోళ్ల మీద పంతమా! దీనికోసం లైను మలపాల్నా? రేపు పొద్దుగాల పీకిపిస్త.”

ఆమెకు ఏడుపొచ్చింది. అబద్ధమాడటం చేతకాక వైర్లు చుట్టడం మొదలుపెట్టింది.

తిమ్మారెడ్డి లేచి వెళ్లబోయి ఆగాడు. “అవుతలోళ్ల రాయి ఇంకా ఉన్నదా?”

“ఉందండీ. చుట్టూ మ్యూజియం కట్టారు.”

“ఎంత ఎత్తుంటది?”

“మన రాయి కంటే జానెడు తక్కువ.”

తిమ్మారెడ్డి రాయిని కింది నుంచి పైదాకా ఒకసారి చూశాడు. ఫోను తీశాడు. “ఇంజనీర్ సాబ్, లైను పక్కకు మలుపుండ్రి. ఎంత ఖర్చయినా సరే.”

ఫోను జేబులో పెట్టుకుని సుభాషిణి వైపు తిరిగాడు.

“మేడమ్, వాళ్ల మ్యూజియం ఎన్ని అంతస్తులు?”