చీమలు పట్టని పార్సెల్

గుడ్డ విప్పితే అట్టపెట్టె. అట్టపెట్టె తెరిస్తే ఇటుక.

పాత న్యూస్‌పేపర్లలో చుట్టిన సగం ఇటుక. ఇంకేమీ లేదు.

రాజమండ్రిలోని ఆ పోస్టాఫీసు కౌంటర్ ముందు బుల్లబ్బాయి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

"మా అమ్మ కాసులపేరండీ! దొంగ వెధవలు మింగేశారండీ!"

సంగతి ఇది. తల్లి పోయాక ఆ కాసులపేరు చెల్లెలు రామతులసికే చెందాలని పెద్దమనుషులు తీర్పు చెప్పారు. చేపల చెరువుల ఆసామి బుల్లబ్బాయి దాన్ని ఇన్సూరెన్స్ చేయించి, పెద్దాపురంలో ఉన్న చెల్లెలికి పార్సెల్ చేశానంటున్నాడు. పార్సెల్ వెళ్లేసరికి చెల్లెలి ఇంటికి తాళం. అక్కడి పోస్టాఫీసులో వారం రోజులు ఉంచి, ఎవరూ రాకపోయేసరికి రూలు ప్రకారం పంపినవాడికే తిప్పి పంపారు.

ఆ వారం రోజులూ పార్సెల్ అక్కడి పోస్ట్‌ఉమన్ తబిత చేతిలోనే ఉంది. ఇంకేం కావాలి? దొంగ దొరికిపోయిందని అందరూ తేల్చేశారు. రామతులసి ఏకంగా తబిత ఉండే వీధికే వెళ్లి, ఇంటి ముందు నిలబడి దుమ్మెత్తి పోసింది. "మా అమ్మ సొత్తు తిన్నదాని చేతులు పడిపోను!" అని వీధి వీధంతా వినేలా శపించింది. మర్నాడు సాయంత్రానికల్లా సస్పెన్షన్, ఆ వెంటనే అరెస్టు అన్నారు.

పోస్టల్ ఇన్‌స్పెక్టర్ ఉషారాణి మర్నాడు ఉదయమే పెద్దాపురంలో దిగింది. ఆమెకు మనుషుల మీద నమ్మకం తక్కువ. ఏడ్చేవాళ్ల మీద మరీ తక్కువ.

"పార్సెళ్ల గది తాళం ఎవరి దగ్గరుంటుంది?"

"నా దగ్గరొకటి, ఆవిడ దగ్గరొకటండి," అన్నాడు సబ్ పోస్ట్‌మాస్టర్ త్రిమూర్తులు. "నేనైతే ఆ గదిలోకే వెళ్లనండి. నన్నిందులోకి లాగకండి మేడమ్."

తబిత అతనివైపు చూసింది. ఏళ్ల తరబడి ఒకే ఆఫీసులో పనిచేసిన మనిషి, ఒక్క పూటలో పరాయివాడైపోయాడు.

"ఆ ఇంటికి రెండుసార్లు వెళ్లానండి," అంది తబిత. "తాళముంటే తలుపు సందులో చీటీ పెట్టొచ్చానండి. కాజేసే ఉద్దేశముంటే రెండుసార్లు ఎందుకెళ్తానండి?"

"కాజేసేవాళ్లు నాలుగుసార్లయినా వెళ్తారు. గది తెరువు."

లోపల ఒక ఇనప ర్యాక్. అడ్రసు మారినవి, మనిషి పోయినవి, వద్దని తిప్పికొట్టినవి, అన్నీ అక్కడే ఉన్నాయి. మధ్య అరలో ఒక గుడ్డ పార్సెల్. దాని చుట్టూ తెల్లటి సుద్దగీతలు.

"ఇవేంటి?"

"చీమల మందు సుద్దండి. అది పూతరేకుల పార్సెలండి. తీసుకోవాల్సినవాళ్లు ఊరొదిలేశారు. పంపినవాళ్ల అడ్రసూ సరిగ్గా లేదండి. రిటర్న్డ్ లెటర్ ఆఫీసుకి పంపాలి. ఈలోగా చీమలు బారులు కట్టేశాయండి."

"బుల్లబ్బాయి పార్సెల్ ఎక్కడుండేది?"

"దీని పక్కనేనండి. రెండూ ఒకే సంచిలో వచ్చాయి."

"ఆ చోటు చుట్టూ గీత లేదేం?"

"దానికి చీమలు పట్టలేదండి."

ఉషారాణి ఆ పూతరేకుల పార్సెల్‌ను చేత్తో తడిమింది. వేళ్లు వాసన చూసుకుని, కర్చీఫుతో తుడుచుకుంది.

"సాయంత్రం నాలుగింటికి అందరూ ఇక్కడుండాలి. ఎస్సై గారితో సహా."

నాలుగింటికి బుల్లబ్బాయి కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. రామతులసి తబితవైపు చూడనైనా చూడలేదు. ఎస్సై గుమ్మంలో నిలబడ్డాడు.

ఉషారాణి రాజమండ్రి నుంచి తెప్పించిన బుల్లబ్బాయి పార్సెల్ గుడ్డను బల్ల మీద పరిచింది.

"ఈ గుడ్డ మీదేనా?"

"నాదేనండి."

"రాత?"

"నాదే."

"కుట్లు?"

"మా ఆవిడ కుట్టింది."

"లక్క సీళ్లు?"

"నా ఉంగరంతో నేనే వేశాను."

"విప్పేముందు పగిలున్నాయా?"

"లేదండి. అదే కదండీ మీ వాళ్ల తెలివి!"

"కుట్టు ఊడలేదు, సీలు పగల్లేదు. అయినా ఇంటికి తీసుకెళ్లకుండా, అందరి ముందూ విప్పమని పట్టుబట్టారట. ఎందుకు?"

"అనుమానమొచ్చిందండి."

"ఏం చూసి?"

బుల్లబ్బాయి కాలు కిందికి దించాడు.

ఉషారాణి రామతులసి వైపు తిరిగింది. "ఆ వారం మీరెక్కడున్నారు?"

"మా ఆయన ఆపరేషన్‌కి రాజమండ్రి హాస్పిటల్లో ఉన్నామండి. అన్నయ్య రోజూ వచ్చి చూసి..." రామతులసి మాట ఆగిపోయింది.

"పార్సెల్ సంగతి చెప్పాడా?"

"లేదండి."

"సర్‌ప్రైజ్ చేద్దామనుకున్నానండి!" బుల్లబ్బాయి గొంతు పెంచాడు. "దొంగని పక్కన పెట్టుకుని నన్నేంటండీ అడుగుతారు?"

"మీ కంప్లయింట్ మీరే రాశారుగా. వినండి. 'అడుగున కాసులపేరు, పైన మా చెల్లెలికిష్టమని నెయ్యి ఓడుతున్న ఆత్రేయపురం పూతరేకులు పెట్టాను. ప్లాస్టిక్ కవరైతే చెమర్చి ముద్దవుతాయని అట్టపెట్టెలోనే సర్దాను.' అంతేనా?"

"అంతే."

ఉషారాణి ర్యాక్‌లోని పార్సెల్ తెచ్చి పక్కన పెట్టింది.

"ఇందులోవీ పూతరేకులే. రెండూ ఒకే సంచిలో వచ్చాయి, ఒకే అరలో ఉన్నాయి. దీనికి చీమలు పట్టాయి. మీదానికి పట్టలేదు."

"అయితే దారిలోనే కొట్టేసుంటారు!"

"పెట్టెలోవి కొట్టేస్తారు, సరే. గుడ్డకి పట్టిన నెయ్యినెలా కొట్టేస్తారు?"

ఒక చేత్తో పూతరేకుల పార్సెల్‌నూ, ఇంకో చేత్తో బుల్లబ్బాయి గుడ్డనూ అందరికీ కనిపించేలా ఎత్తి పట్టుకుంది. పార్సెల్ మీది గుడ్డ పచ్చగా, జిడ్డుగా, అట్ట రంగు కనిపించేంతగా నెయ్యి పీల్చుకుంది. బుల్లబ్బాయిది ఉతికి ఆరేసినట్టు తెల్లగా ఉంది.

"ఈ గుడ్డ మీది. రాత మీది, కుట్టు మీ ఆవిడది, సీలు మీది. మీరే ఒప్పుకున్నారు. ఈ గుడ్డలో పూతరేకులు ఏనాడూ లేవు. కాసులపేరూ లేదు. తాళమేసిన ఇంటికి ఇటుక పంపారు. అది తిరిగొస్తుందని తెలుసు. నగ మీకే మిగులుతుంది, ఇన్సూరెన్స్ వస్తుంది, దొంగతనం ఈవిడ మీద పడుతుంది."



"అన్నయ్యా!" అంది రామతులసి.

"ఏంటే అన్నయ్య?" బుల్లబ్బాయి విరుచుకుపడ్డాడు. "మంచంలో ఉన్న అమ్మకి చాకిరీ చేసింది మేము! పెద్దమనుషులెవరే నీకిమ్మని చెప్పడానికి?"

"కాసులపేరు ఎక్కడుంది?" ఎస్సై అడిగాడు.

బుల్లబ్బాయి తల దించుకున్నాడు. "మా ఆవిడ దగ్గర."

"లోభికి ఖర్చెక్కువని ఊరికే అన్లేదు," అంది ఉషారాణి. "అయిదు పూతరేకులు కొని పెట్టుంటే ఈపాటికి తబిత లాకప్‌లో ఉండేది. చెల్లెలికి అదీ పెట్టబుద్ధి కాలేదు."

ఎస్సై అతన్ని జీపెక్కించాడు. త్రిమూర్తులు తబిత దగ్గరికొచ్చి, "నేను ముందే అనుకున్నానమ్మా," అన్నాడు. తబిత పూతరేకుల పార్సెల్ తీసుకెళ్లి మళ్లీ ర్యాక్‌లో పెట్టింది.

రామతులసి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"తప్పైపోయిందమ్మా. క్షమించు."

తబిత మెల్లగా చేతులు విడిపించుకుంది. పొద్దుటి నుంచీ బిగబట్టిన ఏడుపు అప్పుడు కళ్లలోకి వచ్చింది.

"ఇక్కడెందుకండీ? తిట్టింది మా వీధిలో కదండీ. వీధంతా విన్నారు. ఆ మాట కూడా అక్కడికొచ్చే చెప్పండి."

రామతులసి సాయం కోసం ఉషారాణి వైపు చూసింది. ఉషారాణి కాగితాలు సర్దుకుంటోంది.

రామతులసి చెప్పులేసుకుంది. తబిత ముందు నడిచింది.